దూరాన్ని గంటల్లో కొలిస్తే

సూరత్ రైల్వే స్టేషన్ నుంచి డిండోలికి పది కిలోమీటర్లు కూడా ఉండవు. అయినా నగరంలో ఎవరిని అడిగినా అది "బాగా దూరం" అనే అంటారు. డిండోలిలో ఉండే మన తెలుగువాళ్ళు కూడా రింగ్ రోడ్డుకో చౌక్ బజారుకో బయల్దేరేటప్పుడు "సిటీకి పోయొస్త" అంటారు, తామున్న చోటు సిటీ కానట్టుగా. ఇంటి పన్ను కట్టేది సూరత్ మున్సిపల్ కార్పొరేషన్‌కే. ఓటు వేసేదీ అక్కడే. మరి ఈ దూరం దేన్నుంచి? ఏ లెక్కన? మ్యాపు చూస్తే జవాబు దొరకదు. డిండోలిలో ఒక మనిషికి రోజు ఎలా గడుస్తుందో చూస్తే కొంత దొరుకుతుంది.

డిండోలి మొదట ఒక పల్లె. ఉధ్నా జంక్షన్ నుంచి నందుర్‌బార్, జల్‌గావ్ వైపు పోయే రైలు పట్టాల దాపున ఉన్న పల్లె. తాపీ నది ఒడ్డున పుట్టిన నగరం జరీతో, వజ్రాల సానతో, ఆపైన పాలిస్టర్ బట్టతో పెరిగి పెరిగి ఆ పల్లెను తనలో కలుపుకుంది. 1991లో సూరత్ జనాభా 15 లక్షలు. 2011 నాటికి 44 లక్షలు దాటింది. 2006లో కార్పొరేషన్ హద్దులు ఒక్కసారిగా 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగాయి. 2020లో మరోసారి జరిగి 460 దాటాయి. ఈ పెరుగుదలలో మన చేతులున్నాయి. తెలంగాణలో చేమగ్గం కూడు పెట్టడం మానేశాక కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు షోలాపూర్, భివండి, బొంబాయి, సూరత్ దారి పట్టారు. సూరత్‌లో లింబాయత్ చుట్టుపక్కల కుదురుకున్నారు. గదుల కిరాయిలు పెరిగేకొద్దీ, కుటుంబాలు పెద్దవయ్యేకొద్దీ నవాగామ్, డిండోలి, గోడాదరా వైపు జరిగారు.

నగరం హద్దు ఎప్పుడూ ఒకచోట నిలవదు. నిన్నటి చివర ఇవాళ మధ్యకొస్తుంది. అక్కడ జాగా ధర పెరుగుతుంది. ఆ ధర మోయలేని మనిషి కొత్త చివరకు పోతాడు. ఇదంతా వాన పడ్డట్టు, ఎండ కాసినట్టు తనంతట తాను జరిగేదని చాలామంది నమ్ముతారు. నాకు అలా తోచదు. భూమికి ధర కట్టేది మనుషులే. రోడ్డు ముందు ఎటు వేయాలో, బస్సు ఎక్కడిదాకా నడపాలో తేల్చేదీ మనుషులే. నగరానికి ఎవరి పని లేకుంటే ఒక్క రోజు గడవదో వాళ్ళే ప్రతిసారీ చివరకు ఎందుకు చేరుతున్నారని అడగాల్సిన బాధ్యత కూడా మనుషులదే.

పవర్‌లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, రోజుకు రెండు పాళీలు. ఒక్కో పాళీ పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్కన. నేసిన టాకాలో, అంటే బట్ట తానులో, లోపం కనిపిస్తే కూలిలో కోత. రాత్రి పాళీ చేసిన మనిషి పొద్దున ఇల్లు చేరే వేళకు పిల్లలు బడికి తయారవుతుంటారు. వాళ్ళు బడి నుంచి వచ్చి, ఆడుకుని, కథ చెప్పమని అడిగే వేళకు ఆయన మళ్ళీ డబ్బా కట్టుకుని బయల్దేరతాడు. ఒకే కప్పు కింద ఉంటూ తండ్రీ పిల్లలూ వేరువేరు రోజుల్లో బతుకుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదంది. చిన్న చిన్న ఖాతాలు చాలావరకు ఆ చట్టం కంటికి ఆనకుండానే నడుస్తూ వచ్చాయి. దక్షిణ గుజరాత్ కూలీల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి రాసిన డచ్ సమాజ శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1996లో తెచ్చిన పుస్తకం ఇలాంటి బతుకుల గురించే. ఆ తరువాత మగ్గాలు మారాయి, వాటి వేగం పెరిగింది. పన్నెండు గంటల పాళీ మాత్రం పెద్దగా కదల్లేదు.

ఖాతాకు పోని ఆడవాళ్ళ పని ఇంట్లోనే ఉంటుంది, అది ఎవరి లెక్కలోకీ రాదు. మధ్యాహ్నం డిండోలిలో ఏ సొసైటీ గల్లీలోకి వెళ్ళినా గడపల మీద చీరల కట్టలు కనిపిస్తాయి. మా వరసలో ఒక పెద్దమ్మ చేసే పని చాలాసేపు చూశాను. ఎంబ్రాయిడరీ మిషను ఒక పువ్వు కుట్టి ఇంకో పువ్వుకు దూకేటప్పుడు చీర వెనకవైపు దారం వేలాడుతూ మిగిలిపోతుంది. ఆమె చీరను తిరగేసి మోకాలి మీద పరుచుకుంటుంది. ఎడమ చేతి బొటనవేలితో బట్టను తడుముతూ పోతుంది. వేలికి దారం తగలగానే కుడి చేతిలోని చిన్న కత్తెర కదులుతుంది. కళ్ళతో పెద్దగా పని లేదు, వేలికే చూపుంది. బట్టకు కత్తెర మొన తగిలితే చీర పాడైనట్టే, ఆ నష్టం ఆమెదే. అంచున లేసు కుట్టడం, గమ్ముతో రాళ్ళు అతికించడం కూడా ఇలాగే ఇళ్ళకు వస్తాయి. ఇచ్చేది చీరకింతని.

"పొద్దుందాక గిదే పనా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఇంకేం జెయ్యాలె బిడ్డా. బయటికి పోతె మనుమరాలిని ఎవలు జూస్తరు? ఇంట్ల ఉండుకుంట జేసేది గిదొక్కటే" అంది, చెయ్యి ఆపకుండానే.

ఆ చీర హైదరాబాద్ మదీనా బజారుకో, వరంగల్ దుకాణానికో చేరుతుంది. కొనేవాళ్ళు తిరగేసి చూస్తారు. వెనక దారాలు వేలాడకపోతే పని నీటుగా ఉందంటారు. ఆమె పని ఎంత బాగా చేస్తే అంతగా కనబడకుండా పోతుంది. ఇలాంటి పనులు లోకంలో ఎన్నో ఉన్నాయి: ఊడ్చిన వీధి, ఉతికిన దుప్పటి, కడిగిన ఆసుపత్రి నేల. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. గర్వపడాల్సిన విషయమే. 1994లో ప్లేగు వచ్చిన నగరం అక్కడిదాకా ఎదిగింది. అయితే శుభ్రత ఎవరి చేతుల నుంచి వస్తుందో ఆ చేతులు మనకు కనబడవు. కనబడని పనికి విలువ కట్టడం ఏ నాగరికతకైనా కఠినమైన పరీక్ష. మనం ఇంకా ఆ పరీక్ష రాయడం మొదలుపెట్టలేదనిపిస్తుంది.

చీరల మాట వచ్చింది కాబట్టి తెలంగాణలోని మగ్గాల ఊరు సిరిసిల్ల సంగతి ఇక్కడ తలచుకోవాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం తొలిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు, కావలసినన్ని చీరలు సిరిసిల్ల మగ్గాలు సమయానికి నేయలేకపోవడంతో కొన్నిటిని సూరత్ నుంచి తెప్పించారు. మగ్గం సాగక ఊరు విడిచినవాళ్ళు చేరిన నగరం నుంచే ఊరి పండుగకు చీరలు వెళ్ళాయి. వాటిలో మనవాళ్ళు నేసినవి ఎన్నో, దారాలు కత్తిరించినవి ఎన్నో చెప్పలేం. చీర మీద నేసినవాళ్ళ పేరుండదు. బట్టకు ఇంత సులువుగా దొరికే తిరుగుదారి మనిషికి ఎందుకు దొరకదన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

ఇక్కడ నగరం చివర అనే మాటను కాస్త విప్పి చూడాలి. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కు పడమట ఇరవై అయిదు కిలోమీటర్ల అవతల టార్నీట్ అనే శివారు ఉంది. తెలుగువాళ్ళు చాలామంది అక్కడ ఇళ్ళు కొనుక్కున్నారు. ఇళ్ళు ముందొచ్చాయి, రైలు స్టేషన్ 2015లో వచ్చింది. నగరం నడిబొడ్డున ఆఫీసు, శివారున ఇల్లు, మధ్యలో కిక్కిరిసిన రైలు. ఆ జీవితానికీ డిండోలి జీవితానికీ పోలిక పెడితే కొందరికి నచ్చకపోవచ్చు. అక్కడివాళ్ళు తమ ఇష్టంతో ఎంచుకున్నారు, వాళ్ళకు జీతముంది, పెరడుంది, కారుంది. డిండోలి నేతగాడికి ఎంచుకునే వీలే తక్కువ. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని మాటలతో చెరపకూడదు. కానీ ఇద్దరి నుంచీ నగరం తీసుకునేది ఒకటే. అది కాలం. టార్నీట్ తండ్రి చీకటితో బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంటే, ఆ బిడ్డకు కూడా తండ్రి ఆదివారాల మనిషే అవుతాడు.

అదే మెల్బోర్న్‌లో 1856 ఏప్రిల్ 21న రాతి పని కార్మికులు పనిముట్లు దించి, విశ్వవిద్యాలయం నుంచి పార్లమెంటు భవనం దాకా నడిచారు. రోజుకు ఎనిమిది గంటల పని కోసం నడిచి, దాన్ని సాధించుకున్నారు. ఆ గెలుపు గుర్తుగా నగరంలో నిలిపిన స్తంభం మీద మూడు ఎనిమిదులు ఉంటాయి: ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది విశ్రాంతికి, ఎనిమిది మనిషి తన ఇష్టం వచ్చినట్టు గడపడానికి. షికాగో మే డేకు ముప్ఫై ఏళ్ళ ముందటి మాట ఇది. ఆ మూడో ఎనిమిది గురించే ఆలోచించాలి. మొదటిది బతుకుతెరువు, రెండోది శరీర ధర్మం. మనిషి మనిషిగా ఉండేది మూడో దానిలో. పిల్లలతో కూర్చునేది, పాట పాడేది, దేవుణ్ణి ప్రశ్నించేది, పక్కింటివాడి కష్టం వినేది, వార్డు సభకు వెళ్ళి మా గల్లీకి లైటు ఏదని అడిగేది అప్పుడే. ఒక మనిషి ఒక చోటును తనది చేసుకునేది ఆ గంటల్లోనే. ఆ గంటలు లేనివాడు ఎక్కడ ఉన్నా ఊరి చివర ఉన్నట్టే. నగరం నడిమధ్య హోటల్లో గిన్నెలు తోమి, వంటింటి మూలన పడుకునే కుర్రాడు కూడా ఈ లెక్కన డిండోలివాడే.

ఈ సంగతిని ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ సగం గ్రహించి, సగం దగ్గర ఆగిపోయాడు. మనిషి స్వభావరీత్యా నగరజీవి అని చెప్పినవాడు ఆయనే. ఆయన పుట్టింది మాత్రం ఉత్తరాన స్టగీరాలో. ఏథెన్స్‌లో ఎన్నో ఏళ్ళు బతికి, చదివి, చదువు చెప్పినా అక్కడి పౌరుడు కాలేదు. వలస వచ్చి స్థిరపడినవాళ్ళకు ఆ నగరం ప్రత్యేకంగా పన్ను వేసేది. సొంతంగా భూమి కొనుక్కునే హక్కు ఇచ్చేది కాదు. ఆయన నడిపిన లైసియం విద్యాలయం కూడా నగర ప్రాకారానికి బయటే ఉండేది. అలాంటి మనిషి ఉత్తమమైన రాజ్యంలో చేతిపనివాళ్ళకు పౌరసత్వం ఇవ్వకూడదన్నాడు. పౌరుడికి తీరిక కావాలి, వాళ్ళకు తీరిక లేదు అన్నది ఆయన వాదన.

ఆయన చూసింది నిజమే. పన్నెండు గంటల పాళీ దిగిన మనిషి సభలో కూర్చుని నగరం సంగతి చర్చించలేడు. కానీ దాని నుంచి తేలాల్సింది వేరు. తీరిక లేనివాడికి పౌరసత్వం ఎందుకన్నాడు ఆయన. ప్రతి మనిషీ పౌరుడైనప్పుడు అతని తీరికను లాక్కునే హక్కు ఎవరిదని మనం అడగాలి. ఆ తత్వవేత్తకు దొరికిన తీరిక కూడా ఇతరుల చాకిరీ మీద నిలిచిందే. వేలాది ఏళ్ళుగా ఆలోచన ఒకరి వాటాగా, అలసట మరొకరి వాటాగా పంచి పెట్టారు. ఆ పంపకాన్ని ఇవాళ్టి నగరం పటంలో చదవవచ్చు. ఆలోచించే గదులు మధ్యలో, అలసిన గదులు చివర.

నేతకూ ఆలోచనకూ వైరం లేదని మన దేశంలో కబీరు జీవితమే చెబుతుంది. ఆయన కాశీలో మగ్గం నేసినవాడు. చేమగ్గానికి చప్పుడుంటుంది గానీ ఆ చప్పుడులో మాట వినబడుతుంది, పాట కుదురుతుంది. చెయ్యి ఆడుతుంటే మనసుకు దాని తోవ దానికుంటుంది. పవర్‌లూమ్ షెడ్డులో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు, సైగలే మాటలు. అక్కడ కబీరు ఉంటే ఏం చేసేవాడు? పాట పుట్టేదా? ఇది చేమగ్గాన్ని తిరిగి తెమ్మనే కోరిక కాదు. చేమగ్గం మీద ఆకలితో చచ్చినవాళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నారు. యంత్రం వచ్చి మనిషి శ్రమ తగ్గిస్తే మంచిదే. శ్రమ తగ్గాలి కదా మరి! తగ్గిన శ్రమ ఎవరి ఖాతాలో జమయిందని మాత్రమే నా ప్రశ్న.

కాశీలో చస్తే మోక్షం, మగహర్‌లో చస్తే గాడిద జన్మ అని ఆ రోజుల్లో నమ్మేవారు. కబీరు చివరి రోజుల్లో కోరి మగహర్‌కు వెళ్ళాడని పరంపరగా చెబుతారు. పుణ్యం చోటులో ఉండదని చెప్పడానికి ఆయన నడిచిన దారి అది. కేంద్రంలో ఉన్నవాళ్ళదే విలువైన జీవితం, చివర ఉన్నవాళ్ళది తక్కువ జీవితం అనే నమ్మకం నేటికీ పోలేదు. నగరంలో మంచి పేరున్న వేసూలోనో అడాజన్‌లోనో ఉంటున్నానని చెప్పే గొంతుకూ, డిండోలిలో ఉంటున్నానని చెప్పే గొంతుకూ తేడా ఉంటుంది. ఆ తేడాను పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. అది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

మరి డిండోలి మనదేనా? 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పోయారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో కూలీలు మమ్మల్ని ఇళ్ళకు పంపండని సూరత్ రోడ్ల మీదికి వచ్చారు. రెండుసార్లూ ఆపద రాగానే మనిషికి గుర్తొచ్చింది పుట్టిన ఊరే. ఏళ్ళ తరబడి చెమటోడ్చిన నగరం కష్టకాలంలో నమ్మకం ఇవ్వలేకపోయింది. కూలి తీసుకున్నది గానీ భరోసా ఇవ్వలేదు. అలాగని పుట్టిన ఊరు అలాగే కాచుకుని ఉంటుందా? అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ డిండోలి దాపున పోయే ఈ జల్‌గావ్ లైను మీదుగానే వరంగల్ చేరుతుంది. ఆ బండెక్కి పోయిన మనిషిని ఊళ్ళో "సూరతోళ్ళు వచ్చిండ్రు" అంటారు. సూరత్‌లోనేమో ఇంకా "బయటివాళ్ళే". ముప్ఫై ఏళ్ళకు పైగా లూమ్ నడిపిన ఒక తాతను "ఊరు యాదికొస్తదా తాతా?" అని అడిగితే, "ఎందుకు రాదు? కని ఊర్లె రెండు దినాలుంటె ఈడి గల్లి యాదికొస్తది" అన్నాడు. రెండూ నిజమే. మనిషికి ఒకే ఊరు ఉండాలన్న నియమం ఎవరు పెట్టారు?

ఒక చోటును మనది చేసుకోవడం అప్పుడప్పుడూ డిండోలిలో కళ్ళెదుటే జరుగుతుంది. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. మర్నాటి నుంచే గుజరాతీల నవరాత్రి. తంగేడు, గునుగు చాలినంత దొరక్కపోతే బజారు బంతిపూలే పేరుస్తారు. ఒక వైపు పూల చుట్టూ చప్పట్లు, మరో వైపు దీపం పెట్టిన కుండ చుట్టూ గర్బా. రెండూ వలయాలే. వలయంలో మొదటివాళ్ళూ చివరివాళ్ళూ ఉండరు. కార్తీకంలో బీహారు, తూర్పు యూపీ కుటుంబాలు డిండోలి చెరువు గట్టున ఛఠ్ పూజకు చేరతాయి. ఖాందేశ్ మరాఠీలు, ఒడియా కూలీలు ఇక్కడే ఉన్నారు. సూరత్ కార్పొరేషన్ ప్రాథమిక బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ నడుస్తాయి. ఒక నగరం బయటి నుంచి వచ్చిన కూలి బిడ్డకు వాడి అమ్మ భాషలో అక్షరం నేర్పడం చిన్న సంగతి కాదు. ఆ గౌరవాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆ బడుల్లో పిల్లలు తగ్గకుండా, టీచర్లు తగ్గకుండా చూసుకోవడం మన పని.

మనల్ని మనం అడగాల్సిన ప్రశ్నా ఒకటుంది. నిన్న గది దొరక్క తిరిగినవాళ్ళం ఇవాళ ఇల్లు కట్టుకుని పై అంతస్తు కిరాయికి ఇచ్చే స్థితికి వచ్చాం. కొత్తగా వచ్చిన మనిషి గది అడిగితే కులమేది, మతమేది అని అడిగేవాళ్ళు మనలోనూ ఉన్నారు. లోపల పడ్డవాడు వెనక తలుపు మూసేస్తే కొత్త చివర పుట్టినట్టే. నగరం మనకు చేసిన అన్యాయాన్ని మనం ఇంకొకరికి చేస్తూ న్యాయం అడగలేం.

నగరం ఎంత పెరిగిందని అడిగితే అధికారులు చదరపు కిలోమీటర్లు చెబుతారు. వ్యాపారులు రోజుకు ఎన్ని మీటర్ల బట్ట తయారవుతుందో చెబుతారు. 2023 డిసెంబరులో సూరత్‌లోని ఖజోద్‌లో తెరిచిన వజ్రాల వ్యాపార కేంద్రం డైమండ్ బూర్స్ ప్రపంచంలోని అతిపెద్ద కార్యాలయ భవనాల్లో ఒకటని చెబుతారు. ఇవన్నీ కొలతలే, కాదనను. నేను కోరేది ఇంకో కొలత: డిండోలి లాంటి చోట ఉండే ఒక మగ్గం కార్మికుడికి, గడప మీద దారాలు కత్తిరించే ఒక పెద్దమ్మకు పని, ప్రయాణం, నిద్ర పోగా తనదంటూ రోజులో ఎన్ని గంటలు మిగులుతున్నాయి? పాళీ ఎనిమిది గంటలకు దిగి, ఎనిమిది గంటల కూలితో ఇల్లు గడిస్తే ఆ గంటలు పెరుగుతాయి. ఇంట్లో చేసే కూలి పనికి న్యాయమైన రేటు, పసిపిల్లలకు గల్లీలో ఒక ఆలనా కేంద్రం, రాత్రి పాళీ వేళకు నమ్మదగిన బస్సు ఉంటే పెరుగుతాయి. ఇవి ఆకాశంలోని చుక్కలేం కావు. ఎనిమిది గంటల పనిని 1856లోనే రాయి కొట్టే మనుషులు అడిగి సాధించుకున్నారు. మిగిలిన గంటల్లో ఆ మనిషి ఏం చేసుకుంటాడన్నది ఆయన ఇష్టం. పాడుకోనీ, పడుకోనీ, బిడ్డకు అక్షరాలు దిద్దించనీ, కార్పొరేషన్ మెట్లెక్కి నిలదీయనీ. ఆ ఇష్టం ఆయన చేతికి వచ్చిన రోజున సూరత్‌కు డిండోలి ఎంత దూరమో ఎవరూ అడగరు. అది వచ్చేదాకా మనం అడుగుతూనే ఉండాలి.